పెరోవ్‌స్కైట్ సౌరఘటాలలో సంకలితాలు

పెరోవ్‌స్కైట్ సౌరఘటాలలో కాంతిని పీల్చుకొనే పొరను తయారుచేసేటప్పుడు, ఆ పొర నాణ్యతను పెంచడానికి అతి స్వల్ప పరిమాణంలో కలిపే ఇతర పదార్థాలను సంకలితాలు అంటారు. ఇవి లవణాలు కావచ్చు, సేంద్రియ అణువులు కావచ్చు, పాలిమర్లు కావచ్చు, అయానిక ద్రవాలు కావచ్చు. కొన్ని సంకలితాలు పొర ఏర్పడే సమయంలో తమ పని ముగించుకొని ఆవిరైపోతాయి. మరికొన్ని పొరలోనే ఉండిపోయి స్ఫటికంలోని లోపాలను కప్పుతాయి. 2009 లో 3.8 శాతంగా ఉన్న ఈ ఘటాల దక్షత 2024 నాటికి 26 శాతం దాటడంలో సంకలితాల పాత్ర చాలా పెద్దది. ఘటం నిర్మాణం ఈ కాలంలో మారినప్పటికీ, ముఖ్యంగా మారినది పొర తయారీలోని రసాయనశాస్త్రం.

పేరు, నిర్మాణం

పెరోవ్‌స్కైట్ అనేది మొదట ఒక ఖనిజం పేరు. 1839 లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ రోజ్ రష్యాలోని ఉరల్ పర్వతాలలో దొరికిన కాల్షియం టైటనేట్ ఖనిజాన్ని వర్ణించి, దానికి రష్యా దేశపు ప్రభువూ ఖనిజ సేకర్త అయిన లెవ్ పెరోవ్‌స్కీ పేరు పెట్టాడు. తరువాతి కాలంలో అదే స్ఫటిక నిర్మాణం గల పదార్థాలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది. కాబట్టి సౌరఘటాలలో వాడే పెరోవ్‌స్కైట్‌లో కాల్షియం గాని, టైటానియం గాని ఉండవు. పేరు చూసి పొరబడకూడదు.

ఈ నిర్మాణంలో మూడు రకాల అయాన్లు ఉంటాయి. ఒక ఘనాన్ని ఊహించుకుంటే, దాని ఎనిమిది మూలలలో సీసం అయాన్లు, ప్రతి అంచు మధ్యలో ఒక అయోడైడ్ గాని బ్రోమైడ్ గాని, ఘనం నడుమ ఉన్న ఖాళీలో ఒక పెద్ద ధన అయాను ఉంటాయి. నడుమ ఉండే ఈ అయాను మిథైలమ్మోనియం, ఫార్మామిడినియం, సీజియం అనే మూడింటిలో ఒకటి గాని, వాటి మిశ్రమం గాని కావచ్చు. నడుమ కూర్చునే అయాను మరీ చిన్నదైనా, మరీ పెద్దదైనా ఘనం నిలవదు. దీనికి కొలమానంగా వాడే సహన గుణకాన్ని 1926 లో గోల్డ్‌ష్మిట్ ప్రతిపాదించాడు. ఆ గుణకం సుమారుగా 0.8 కి, 1 కి మధ్య ఉంటే పెరోవ్‌స్కైట్ నిర్మాణం సాధ్యమౌతుంది.

ఫార్మామిడినియం లెడ్ అయోడైడ్ ఈ విషయంలో హద్దు మీద ఉన్న పదార్థం. దీని నిషిద్ధ శక్తి అంతరం సుమారు 1.48 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి సూర్యకాంతిని పీల్చడానికి చాలా అనువైనది. అయితే ఇది రెండు రూపాలలో ఉంటుంది. నల్లని రూపం విద్యుత్తునిస్తుంది. పసుపుపచ్చని రూపం సౌరఘటానికి పనికిరాదు. నల్లని రూపం ఏర్పడాలంటే సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయాలి. గది ఉష్ణోగ్రత వద్ద అది క్రమంగా పసుపు రూపంలోకి మారిపోవాలని చూస్తుంది. నల్లని రూపాన్ని నల్లగానే ఉంచడం ఎలా అన్నది ఈ రంగంలోని ప్రధాన సమస్యలలో ఒకటి. సంకలితాలు చాలావరకు ఈ సమస్య చుట్టూనే పుట్టాయి.

చరిత్ర

జపానులోని యోకొహామా తోయిన్ విశ్వవిద్యాలయంలో త్సుతోము మియసాక, అకిహిరో కొజిమా, వారి సహచరులు 2009 లో మిథైలమ్మోనియం లెడ్ అయోడైడును రంగు పదార్థానికి బదులుగా వాడి 3.8 శాతం దక్షత సాధించారు. ఆ ఘటంలో ద్రవ విద్యుద్విశ్లేష్యం ఉండేది. ఆ ద్రవంలోనే పెరోవ్‌స్కైట్ కరిగిపోవడం వలన ఘటం కొద్దిసేపటికే పాడయ్యేది. 2012 లో దక్షిణ కొరియాలో నామ్-గ్యూ పార్క్ బృందం స్విట్జర్లాండులోని మైకేల్ గ్రాట్జెల్‌తో కలిసి, ఆక్స్‌ఫర్డులో హెన్రీ స్నెయిత్ బృందం మియసాకతో కలిసి, ద్రవానికి బదులుగా ఘన పదార్థాన్ని వాడి దక్షతను 10 శాతం పరిసరాలకు తీసుకువచ్చారు. ఆ తరువాత పరుగు మొదలైంది.

స్నెయిత్ బృందం 2012 లో లెడ్ అయోడైడుకు బదులుగా లెడ్ క్లోరైడును వాడింది. తయారైన పొరలో మాత్రం క్లోరిన్ దాదాపుగా మిగలలేదు. మరి అది చేసిన పని ఏమిటి? స్ఫటికాలు పెరిగే వేగాన్ని మార్చి, పొరను నునుపుగా చేసి, తాను వెళ్ళిపోయింది. సంకలితం అన్న పేరు అప్పటికి పెద్దగా వాడుకలో లేకపోయినా, ఈ క్లోరైడును ఈ రంగంలోని తొలి సంకలితాలలో ఒకటిగా చెప్పుకోవచ్చు.

సంకలితం అవసరం ఎందుకు?

ప్రయోగశాలలో ఈ పొరను తయారుచేసే పద్ధతి చూడడానికి చాలా తేలిక. లెడ్ అయోడైడును, సేంద్రియ అయోడైడును డైమిథైల్ ఫార్మమైడ్, డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణులలో కరిగిస్తారు. ఆ ద్రావణాన్ని గాజు పలక మీద పోసి, పలకను నిమిషానికి కొన్ని వేల చుట్లు తిప్పుతారు. తిరుగుతుండగానే టొల్యూన్ గాని క్లోరోబెంజీన్ గాని చుక్కలుగా వేస్తారు. అందులో పెరోవ్‌స్కైట్ కరగదు కాబట్టి ఒక్కసారిగా స్ఫటిక బీజాలు పుడతాయి. తరువాత పలకను 100 నుండి 150 డిగ్రీల వరకు వేడిచేస్తే సుమారు అర మైక్రాను మందం గల నల్లని పొర వస్తుంది.

ఇంత త్వరగా ఏర్పడిన స్ఫటికం లోపాలు లేకుండా ఉండదు. కొన్నిచోట్ల అయోడైడ్ ఉండవలసిన స్థానం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ పక్కనున్న సీసం అయానుకు బంధాలు పూర్తికావు. పొర అంతా ఒకే స్ఫటికం కాక, చిన్న చిన్న రేణువుల సమూహంగా ఉంటుంది. రేణువుల సరిహద్దులలోను, పొర పై తలంలోను లోపాలు ఎక్కువగా పోగుపడతాయి. కాంతి వలన విడుదలైన ఎలక్ట్రాను ఇటువంటి లోపంలో చిక్కుకుంటే, అది బయటి వలయానికి చేరకుండా అక్కడే రంధ్రంతో కలిసి, తన శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. అంతేగాక అయోడైడ్ అయాన్లు ఈ ఖాళీల గుండా కదులుతూ ఉంటాయి. ఆ కదలిక వలన వోల్టేజిని పెంచుతూ కొలిచినప్పుడు ఒక విలువ, తగ్గిస్తూ కొలిచినప్పుడు మరొక విలువ వస్తాయి. దీనిని శైథిల్యం అంటారు. తొలి సంవత్సరాలలో ప్రచురితమైన దక్షతలను కొంత అనుమానంతో చూడడానికి ఇదే కారణం.

నష్టం ఎంతో తెలుసుకోవడానికి చిన్న లెక్క చూద్దాం. ఘటం దక్షత మూడు రాశుల లబ్ధం మీద ఆధారపడుతుంది. అవి వలయం తెరచి ఉన్నప్పటి వోల్టేజి, వలయం మూసినప్పటి ప్రవాహ సాంద్రత, పూరక గుణకం. ఒక ఘటంలో ఇవి వరుసగా 1.08 వోల్టులు, చదరపు సెంటీమీటరుకు 24.8 మిల్లీఆంపియర్లు, 0.77 అనుకుందాం. వీటి లబ్ధం సుమారు 20.6 మిల్లీవాట్లు. ప్రామాణిక సూర్యకాంతి చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు కాబట్టి దక్షత 20.6 శాతం. లోపాలను తగ్గించి ఇవే రాశులను 1.18, 25.2, 0.85 చేయగలిగితే దక్షత 25.3 శాతం అవుతుంది. ప్రవాహం ఇంచుమించుగా మారలేదని గమనించండి. పెరుగుదల అంతా వోల్టేజి నుండి, పూరక గుణకం నుండి వచ్చింది. పదార్థం కాంతిని ముందు నుండీ బాగానే పీల్చుకుంటోంది. పీల్చుకున్నది దారిలో పోకుండా చూడడమే సంకలితం చేయవలసిన పని.

స్ఫటిక పెరుగుదలను నియంత్రించేవి

డైమిథైల్ సల్ఫాక్సైడ్ ఒక ద్రావణిగా వాడుకలోకి వచ్చినా, నిజానికి అది సంకలితం చేసే పని కూడా చేస్తుంది. దాని అణువులోని ఆక్సిజన్ తన ఎలక్ట్రాను జంటను సీసానికి అందిస్తుంది. అంటే అది లూయీ క్షారం, సీసం లూయీ ఆమ్లం. ఈ రెండూ కలిసి తాత్కాలికమైన సంక్లిష్టాన్ని ఏర్పరచి, సీసం అయోడైడ్‌తో తొందరపడి కలవకుండా కాసేపు పట్టి ఉంచుతాయి. వేడిచేసినప్పుడు ద్రావణి వెళ్ళిపోతుంది, స్ఫటికాలు తీరుబడిగా పెరుగుతాయి. సాంగ్ ఇల్ సియోక్ బృందం 2014 లో, పార్క్ బృందం 2015 లో ఈ సూత్రాన్ని స్పష్టం చేశాయి. పార్క్ బృందపు ఉత్తమ ఘటం 19.7 శాతం ఇచ్చింది.

1,8-డైఅయోడో ఆక్టేన్ అనే పదార్థం అంతకుముందు సేంద్రియ సౌరఘటాలలో వాడుకలో ఉండేది. దానిని 2014 లో పెరోవ్‌స్కైట్ ద్రావణంలో కలపగా దక్షత 9.0 నుండి 11.8 శాతానికి పెరిగింది. అణువుకు రెండు చివరలా అయోడిన్ ఉండడం వలన అది సీసంతో తాత్కాలికంగా జతకట్టగలదు. మరుసటి సంవత్సరం గ్రాట్జెల్ బృందం ఒక చివర అమ్మోనియం, మరొక చివర ఫాస్ఫోనిక్ ఆమ్లం గల అణువును వాడి 8.8 శాతం ఇచ్చే ఘటాన్ని 16.7 శాతానికి పెంచింది. ఆ అణువు పక్కపక్కనున్న రెండు రేణువులను రెండు చేతులతో పట్టుకొని కలిపి ఉంచుతుందని, అందువలన తేమ లోనికి చొరబడడం కూడా తగ్గుతుందని వారు వివరించారు.

నేడు బాగా వాడుకలో ఉన్న సంకలితం మిథైలమ్మోనియం క్లోరైడ్. దీనిని ఫార్మామిడినియం లెడ్ అయోడైడ్ ద్రావణంలో చేర్చితే, పసుపు రూపం దశను తప్పించి, నల్లని రూపానికి దగ్గరగా ఉండే మధ్యంతర దశ ఏర్పడుతుంది. వేడిచేసినప్పుడు క్లోరైడు చాలావరకు ఆవిరైపోతుంది. మిగిలే పొరలో రేణువులు పెద్దవిగా, సరిహద్దులు తక్కువగా ఉంటాయి. 2019 లో దక్షిణ కొరియా పరిశోధకులు ఈ పద్ధతితో 23.48 శాతం ధ్రువీకృత దక్షతను చూపారు. అయితే ఇది దోషం లేనిది కాదు. వేడిచేసే సమయం తక్కువైతే మిథైలమ్మోనియం కొంత పొరలో మిగిలిపోయి, తరువాత వేడికి విడిపోతుంది. ద్రావణాన్ని ఎక్కువ కాలం నిల్వ ఉంచితే ఇది ఫార్మామిడినియంతో చర్య జరిపి అక్కరలేని పదార్థాలను పుట్టిస్తుంది.

లోపాలను కప్పేవి

బంధాలు పూర్తికాని సీసం అయానుకు ఒక ఎలక్ట్రాను జంటను అందిస్తే ఆ లోపం విద్యుత్ పరంగా చచ్చిపోతుంది. దీనిని నిష్క్రియీకరణ అంటారు. ఆక్స్‌ఫర్డు పరిశోధకులు 2014 లో థయోఫీన్, పిరిడీన్ అనే రెండు లూయీ క్షారాలతో ఈ సంగతిని నిరూపించారు. సంకలితం లేని ఘటం 13 శాతం ఇవ్వగా, థయోఫీన్‌తో 15.3, పిరిడీన్‌తో 16.5 శాతం వచ్చాయి. అదే సంవత్సరం ఫుల్లరీన్ సంబంధిత అణువులు రేణువుల సరిహద్దులలోకి చొచ్చుకుపోయి శైథిల్యాన్ని దాదాపుగా తొలగించగలవని అమెరికాలో జిన్‌సాంగ్ హువాంగ్ బృందం చూపింది.

ఈ కోవలో బాగా ప్రచారానికి వచ్చినది కాఫీలోని కెఫీన్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖలో యాంగ్ యాంగ్ బృందంలోని వారు పొద్దుటి కాఫీ తాగుతూ, మనకు చురుకుదనం ఇచ్చేది ఘటానికి ఇవ్వదా అని సరదాగా అనుకున్న మాట నుండి ఈ ప్రయోగం మొదలైందని చెబుతారు. ఫలితం మాత్రం సరదాగా లేదు. కెఫీన్ అణువులో రెండు కార్బొనైల్ సమూహాలున్నాయి. అవి సీసాన్ని పట్టుకొని స్ఫటిక పెరుగుదలను నిదానింపజేస్తాయి, తరువాత సరిహద్దులలో ఉండిపోయి అయాన్ల కదలికకు అడ్డుపడతాయి. 2019 లో ప్రచురించిన ఈ పరిశోధనలో స్థిరమైన దక్షత 19.8 శాతంగా నమోదయింది. నత్రజని వాతావరణంలో 85 డిగ్రీల వద్ద 1,300 గంటలు ఉంచిన తరువాత కూడా ఘటం తన దక్షతలో అధిక భాగాన్ని నిలుపుకొంది. ఘటానికి కాఫీ పొడి వేస్తే సరిపోతుందని దీని అర్థం కాదు. వాడినది శుద్ధమైన కెఫీన్. పనిచేసినది దాని ఉత్తేజకర గుణం కాదు, అందులోని కార్బొనైల్.

క్షార లోహాల అయాన్లు వేరొక మార్గంలో పనిచేస్తాయి. సీజియం చిన్నది కాబట్టి జాలకంలో ఇమిడి, ఫార్మామిడినియం వలన ఎక్కువైన సహన గుణకాన్ని తగ్గిస్తుంది. 2016 లో సీజియం, మిథైలమ్మోనియం, ఫార్మామిడినియం మూడింటినీ కలిపి 21.1 శాతం సాధించారు. పొటాషియం ఇంకా చిన్నది. అది జాలకంలో ఇమడకుండా తలాల మీద, సరిహద్దులలో చేరి, అదనంగా ఉన్న హాలైడ్ అయాన్లను తనతో కట్టిపడేస్తుంది. కేంబ్రిడ్జి పరిశోధకులు 2018 లో ఈ విషయాన్ని ప్రకటించారు. 2021 లో ఫార్మేట్ అయానును వాడిన ఘటం 25.6 శాతం దక్షతను ఇచ్చింది. ఫార్మేట్ హాలైడ్ కాకపోయినా, పరిమాణంలోను, ప్రవర్తనలోను హాలైడును పోలి ఉండి, అయోడైడ్ లేని ఖాళీ స్థానంలో కూర్చుంటుంది. ఇక ఫినైల్ ఇథైల్ అమ్మోనియం అయోడైడును పొర తయారైన తరువాత పై తలం మీద పూస్తారు. కచ్చితంగా చూస్తే ఇది సంకలితం కంటె పూత అనడమే సబబు. దీనితో 2019 లో చైనా పరిశోధకులు 23.32 శాతం ధ్రువీకృత దక్షతను పొందారు.

లెడ్ అయోడైడును కొంచెం ఎక్కువగా వేయడం కూడా ఒక రకమైన సంకలితమే. మిగులు లెడ్ అయోడైడ్ సరిహద్దులలో చేరి లోపాలను కప్పుతుంది, దక్షత పెరుగుతుంది. కాని కాంతి తగిలినప్పుడు అది విచ్ఛిన్నమై, కొంతకాలానికి ఘటం క్షీణించడానికి తానే కారణమౌతుంది. మొదటి రోజు చూపిన దక్షతను బట్టి సంకలితాన్ని ఎన్నుకోరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

మన్నికను పెంచేవి

సిలికాన్ ఫలకాలకు తయారీదారులు సాధారణంగా 25 సంవత్సరాల హామీ ఇస్తారు. పెరోవ్‌స్కైట్ ఘటం వాటితో పోటీ పడాలంటే, ఒకటి రెండు శాతం దక్షత కంటె మన్నికయే పెద్ద ప్రశ్న. ఫలకాలకు నిర్ణయించిన అంతర్జాతీయ పరీక్షలలో ఒకదాని ప్రకారం 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1,000 గంటలు నిలవాలి. వేసవిలో ఎండకు కాగే మిద్దె మీద ఉండే ఫలకానికి ఇది గొంతెమ్మ కోరిక కాదు.

ఈ దిశలో 2019 లో రెండు చెప్పుకోదగ్గ పరిశోధనలు వెలువడ్డాయి. స్వీడన్, ఆక్స్‌ఫర్డు పరిశోధకులు అయానిక ద్రవాన్ని సంకలితంగా వాడిన ఘటాన్ని 70 నుండి 75 డిగ్రీల వద్ద, పూర్తి వర్ణపటపు కృత్రిమ సూర్యకాంతిలో 1,800 గంటలకు పైగా ఉంచారు. దక్షత సుమారు 5 శాతం మాత్రమే తగ్గింది.

రెండవది బీజింగులోని పెకింగ్ విశ్వవిద్యాలయం వారి యూరోపియం ప్రయోగం. నా దృష్టిలో ఈ రంగంలోని అందమైన ఆలోచనలలో ఇది ఒకటి. పెరోవ్‌స్కైట్ పాడయ్యేటప్పుడు సీసం అయాన్లు ఎలక్ట్రాన్లను పొంది లోహ సీసంగా, అయోడైడ్ అయాన్లు ఎలక్ట్రాన్లను కోల్పోయి అయోడిన్‌గా మారతాయి. యూరోపియం రెండు రూపాలలో ఉండగలదు. మూడు ఆవేశాలున్న యూరోపియం లోహ సీసం నుండి ఎలక్ట్రానును తీసుకొని దానిని తిరిగి అయానుగా మారుస్తుంది. అలా తాను రెండు ఆవేశాల రూపంలోకి వస్తుంది. ఆ రూపం ఎలక్ట్రానును అయోడిన్‌కు ఇచ్చి దానిని తిరిగి అయోడైడుగా మారుస్తుంది, తాను మొదటి రూపానికి చేరుకుంటుంది. అనగా ఒకే అయాను రెండు లోపాలను బాగుచేసి, తాను ఖర్చు కాకుండా మళ్ళీ పనికి సిద్ధమౌతుంది. సాధారణ సంకలితాలు లోపం మీద మూతలా కూర్చుంటాయి. ఒకసారి కూర్చున్న అణువు మరొక లోపానికి పనికిరాదు. ఇక్కడ ఆ పరిమితి లేదు. ఈ ఘటాలు ఎడతెగని కాంతిలో 1,500 గంటల తరువాత తమ అత్యధిక దక్షతలో 92 శాతాన్ని, 85 డిగ్రీల వేడిలో అంతే కాలం తరువాత 89 శాతాన్ని నిలుపుకొన్నాయి.

పక్క పొరలోని సంకలితాలు మన్నికను చెడగొట్టవచ్చునని కూడా చెప్పాలి. రంధ్రాలను తీసుకువెళ్ళే స్పైరో-ఓమెటాడ్ అనే పదార్థానికి స్వతహాగా వాహకత తక్కువ. అందుచేత దానిలో ఒక లిథియం లవణాన్ని, టెర్షియరీ బ్యూటైల్ పిరిడీన్‌ను కలుపుతారు. వాహకత పెరుగుతుంది. కాని లిథియం లవణం ఆర్ద్రతాగ్రాహి. అది గాలిలోని తేమను పీల్చి, ఆ తేమ కింద ఉన్న పెరోవ్‌స్కైట్‌ను తాకేలా చేస్తుంది.

తగరం ఘటాలు

సీసం విషపదార్థం కాబట్టి దాని స్థానంలో తగరాన్ని వాడే ప్రయత్నాలున్నాయి. రెండు ఆవేశాలున్న తగరం అయాను గాలి తగిలితే సులభంగా ఆక్సీకరణం చెంది నాలుగు ఆవేశాల రూపానికి మారుతుంది. అప్పుడు స్ఫటికంలో ఖాళీలు పెరిగి ఘటం పనిచేయడం మానుతుంది. దీనికి విరుగుడుగా టిన్ ఫ్లోరైడును కలపడం ఆనవాయితీ అయింది. అది లేకుండా తగరం ఘటాన్ని తయారుచేసేవారు అరుదు.

సీసాన్నే వాడే ఘటాలలో దాని పరిమాణం నిజానికి చాలా తక్కువ. అర మైక్రాను మందపు పొరలో చదరపు మీటరుకు ఒక గ్రాము లోపే సీసం ఉంటుంది. ఆ కొంచెమైనా నీటిలో కరిగే రూపంలో ఉండడమే చిక్కు. ఫలకం పగిలి వర్షంలో తడిస్తే సీసం నేలలోకి చేరవచ్చు. 2020 లో అమెరికా పరిశోధకులు ఘటానికి రెండు వైపులా సీసాన్ని పీల్చుకొనే పొరలను చేర్చి, దెబ్బతిన్న ఘటం నుండి కారే సీసంలో 96 శాతానికి పైగా పట్టి ఉంచవచ్చునని చూపారు.

ప్రయోగశాల నుండి కర్మాగారానికి

రికార్డు దక్షతలలో చాలావరకు ఒక చదరపు సెంటీమీటరుకు లోపు ఘటాల మీద కొలిచినవే. 2017 లో సియోక్ బృందం ద్రావణంలో ట్రైఅయోడైడ్ అయాన్లను చేర్చి చిన్న ఘటంలో 22.1 శాతం సాధించినప్పుడు, అదే పద్ధతిలో ఒక చదరపు సెంటీమీటరు ఘటం 19.7 శాతం ఇచ్చింది. పరిమాణం పెరిగితే దక్షత తగ్గడం పరిపాటి.

పెద్ద పలకను గిరగిర తిప్పి పూత వేయడం సాధ్యం కాదు. అందుకు బదులుగా ఒక అలుగుతో ద్రావణాన్ని పలక మీద పరుస్తారు. త్వరగా పరిస్తే ద్రావణం ఎండేటప్పుడు అంచులకు పారి, మధ్యలో పొర సమంగా ఉండదు. హువాంగ్ బృందం 2018 లో ఫాస్ఫాటిడైల్ కోలీన్ అనే పదార్థాన్ని పది లక్షల పాళ్ళలో కొన్ని పదుల పాళ్ళు మాత్రమే కలిపి ఈ ఇబ్బందిని తొలగించింది. గంటకు 180 మీటర్ల వేగంతో నునుపైన పొర వచ్చింది. ఇది కోడిగుడ్డు పచ్చసొనలోను, సోయా గింజలలోను ఉండే లెసితిన్‌లోని ముఖ్య పదార్థం. వంటింట్లో నూనెను, నీటిని కలిపి ఉంచే గుణమే ఇక్కడ ద్రావణాన్ని పలక మీద సమంగా పరచి ఉంచింది.

వాణిజ్యపరంగా పెరోవ్‌స్కైట్‌ను సిలికాన్ మీద మరొక పొరగా పరచి జంట ఘటాలుగా వాడడం ముందుకు వచ్చింది. సిలికాన్ ఒక్కదానికి సిద్ధాంతరీత్యా దక్షత పరిమితి 29.4 శాతం. చైనాకు చెందిన లోంగి సంస్థ 2024 లో ప్రకటించిన జంట ఘటం 34.6 శాతం ఇచ్చింది. అదే సంవత్సరం బ్రిటిష్ సంస్థ ఆక్స్‌ఫర్డ్ పీవీ జంట ఫలకాలను తొలిసారిగా అమెరికాలోని కొనుగోలుదారుకు పంపింది. వాటి దక్షత 24.5 శాతం. భారతదేశంలో హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ రంగు పదార్థపు సౌరఘటాలతో పాటు పెరోవ్‌స్కైట్ ఘటాల మీద కూడా పరిశోధనలు చేసింది.

ఒకే సంకలితం వేర్వేరు ప్రయోగశాలలలో వేర్వేరు ఫలితాలు ఇవ్వడం ఈ రంగంలో తరచుగా కనిపించే ఇబ్బంది. గదిలోని తేమ, లెడ్ అయోడైడ్ శుద్ధత, ప్రతిద్రావణిని చుక్కలుగా వేసిన క్షణం, వీటిలో ఏది మారినా ఫలితం మారుతుంది. ఒక సంకలితం వలన దక్షత పెరిగిందని చదివినప్పుడు, సంకలితం లేని ఘటం ఎంత ఇచ్చిందో కూడా చూడాలి. 13 శాతం ఇచ్చే ఘటాన్ని 16 కు పెంచే పదార్థం, 25 శాతం ఇచ్చే ఘటంలో ఏ మార్పూ తేకపోవచ్చు. ఎందుకంటే అక్కడ కప్పవలసిన లోపాలను మరొక పదార్థం అప్పటికే కప్పి ఉంటుంది.